మిగిలిపోయిన ఖో

కూచున్న పిల్లల వెనక్కి లక్ష్మీప్రసన్న పోదు. గ్రౌండ్‌లో అందరికీ తెలిసిన సంగతే ఇది, పైకి అనేవాళ్ళు మాత్రం లేరు. పొద్దున కిష్టారెడ్డిపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు, సాయంత్రం పటాన్‌చెరు ఫ్యాక్టరీల గోడ పక్కన గ్రౌండ్‌లో ఆడపిల్లలకు ఖోఖో నేర్పే కోచ్. ఆమె నేర్పే తీరుకు వంక పెట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఖోఖో కోచ్‌కు సగం పని వెనకే ఉంటుందాయె! వెనక నిలబడి, ఎవరు సరిగ్గా కూచున్నారో, ఎవరి మడమ ముందే లేస్తోందో చూడకపోతే ఇంకేం నేర్పుతారు? ఆమె మాత్రం స్తంభం దగ్గరే నిలబడి గొంతు చించుకుంటుంది గానీ, ఆ వరస వెనక అడుగు పెట్టదు.

ఆట తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటారేమో, రెండు ముక్కల్లో చెప్పాలి. రెండు స్తంభాల మధ్య గీసిన గళ్ళలో ఎనిమిది మంది వరసగా కూచుంటారు, ఒకరు ఇటు మొహం పెట్టి, పక్కవాళ్ళు అటు మొహం పెట్టి. తొమ్మిదో పిల్ల ఎదుటి జట్టును తరుముతుంది. తరిమే పిల్ల ఆ వరస దాటి అవతలికి పోకూడదు. పోవాలంటే, అటు మొహం పెట్టి కూచున్న పిల్ల వెనక్కి వచ్చి, వీపు తట్టి ‘ఖో’ అనాలి. అప్పుడు కూచున్నది లేచి తరుముతుంది, ఖో ఇచ్చింది ఆ గడిలో కూచుంటుంది. ఖో పడకముందే లేచావా, ఫౌల్. అంతే ఆట. చెప్పడానికి అంతే, ఆడటానికి మాత్రం ప్రాణాలు తోడేస్తుంది.

ప్రసన్నకు ఈ ఆట నేర్పింది యూనుస్ సారు. ఆమె నాన్న తాడేపల్లిగూడెం దగ్గర్నుంచి సర్కారు ప్లాంటులో ఫిట్టర్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో గోదావరి మాట, గడప దాటితే తెలంగాణ మాట. ఈ రెండింటి మధ్య పెరిగిన పిల్ల. బడిలో ఎవరితోనూ కలవక, సాయంత్రం గ్రౌండ్ గోడకు ఆనుకుని నిలబడే పిల్లను యూనుస్ సారు చూశాడు. “గోడ పడిపోదు బేటా, నువ్వు పట్టుకోకున్నా నిలబడుతది. రా, గీడ కూసో,” అని ఓ గడి చూపించాడు. అలా కూచున్న పిల్ల రాష్ట్ర జట్టు దాకా పోయి వచ్చింది.

యూనుస్ సారు చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద టర్నర్. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రానికి గ్రౌండ్‌లో ఉండేవాడు. భుజం మీద ఎప్పుడూ ఓ నీలంగీతల తువ్వాలు. దాని కథ వేరే ఉంది. ఆడపిల్లలకు ఖోఖో నేర్పాలంటే వెనకనుంచి వీపు తట్టక తప్పదు. ఆయన చెయ్యి వేసేవాడు కాదు. తువ్వాలును చుట్టచుట్టి, దాని కొసతో భుజాల మధ్య తాకించీ తాకించనట్టు తాకించి, మెల్లగా ‘ఖో’ అనేవాడు. అమ్మానాన్నలు ఆ తువ్వాలును చూసే పిల్లల్ని పంపారు. ఆఖరికి కోచ్‌ల సంఘం కూడా దాన్ని రూలు చేసింది: ఆడపిల్లలకు నేర్పే ఏ మగ కోచ్ అయినా సరే, చెయ్యి వెయ్యకూడదు, గుడ్డ కొసతోనే చెప్పాలి.

ఈ సంఘం సంగతీ చెప్పాలి, లేకపోతే కథ నడవదు. ఈ పారిశ్రామికవాడలో ఆటలు నేర్పేవాళ్ళకు ఓ సంఘం ఉంది. కప్పులూ మెడల్సూ అమ్మే షాపు పైన గది, ఇనుప కుర్చీలు, ఫ్లాస్కులో టీ. ఒకప్పుడు ఏదో స్కూలువాళ్ళు ఓ వాలీబాల్ కోచ్‌ను ఫోన్లోనే ‘రేపట్నుంచి రావొద్దు’ అన్నారు. అడగటానికి అతనికి దిక్కు లేదు. ఆ కోపంలో యూనుస్ సారూ, కామరాజు సారూ కూచుని సంఘం పెట్టారు. కామరాజు సారు రిటైరైన ఆటల మాస్టారు, కాకినాడ మనిషి, అప్పటినుంచీ ఇప్పటిదాకా అధ్యక్షుడు. రూలంటే ప్రాణం పెడతాడు. ఆయన ఇంట్లో పప్పు గిన్నె కూడా రూలు ప్రకారమే దిగుతుందని వెనక నవ్వుకుంటారు. గ్రౌండ్‌లో ఏ గంట ఎవరిదో సంఘమే తేలుస్తుంది. గేటు దగ్గర బోర్డు మీద గంట గంటకూ జట్టు పేరూ, కోచ్ పేరూ రంగుతో రాయించి ఉంటాయి. సాయంత్రపు మంచి గంటకు ఎదురుగా ‘యూనుస్ జట్టు – ఖోఖో – బాలికలు’ అని ఉండేది.

పోయిన ఎండాకాలం యూనుస్ సారు ఆ గ్రౌండ్‌లోనే పోయాడు.

ఎలా పోయాడో చెప్పాలంటే ఇప్పటికీ ఆ పిల్లలకు నోరు పెగలదు. ఆయన ఒక అలవాటు చేశాడు వాళ్ళకు. వెనక ఏం జరిగినా తిరిగి చూడకూడదు. ఖో పడితేనే కదలాలి. దాన్ని పరీక్షించడానికి అందరినీ ఫ్యాక్టరీ గోడ వైపే మొహం పెట్టి కూచోబెట్టేవాడు, చెయ్యని వేషం లేదు. వెనక చప్పట్లు కొట్టేవాడు, వేరే పేర్లు పిలిచేవాడు, బకెట్టు కింద పడేసేవాడు, ఒక్కోసారి ‘అయ్యో పాము’ అని అరిచేవాడు. తిరిగినా, లేచినా ఆ పిల్ల గ్రౌండ్ చుట్టూ ఓ రౌండు పరుగెత్తాలి. పిల్లలు రాటుదేలిపోయారు. పక్కన లారీ హారన్ మోగినా రెప్ప కొట్టేవాళ్ళు కాదు.

ఆ సాయంత్రం కూడా అలాగే కూచోబెట్టి, ఆయన తువ్వాలు చుట్టి పట్టుకుని తన కూతురు ఆమ్నా వెనక నిలబడ్డాడు. ఖో ఇవ్వబోతూ పడిపోయాడు. ధబ్బుమని చప్పుడైంది. పిల్లలందరూ విన్నారు. వింటూనే లోపల నవ్వుకున్నారు, సారు కొత్త వేషం వేశాడని. ఎవరూ తిరగలేదు. అందరికంటే బిగదీసుకుని కూచున్నది ఆమ్నా. కోచ్ కూతురు ఫౌల్ చేసిందనిపించుకోకూడదు కదా మరి!

ప్రసన్న స్కూటీ ఆపి గేటులోంచి వచ్చేసరికి చూసింది అది. పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే, బొమ్మల్లా, గడ్డం పైకెత్తి కూచున్నారు. వాళ్ళ వెనక సారు నేలమీద, చేతిలో తువ్వాలు. ఆమె కూడా మొదట ఇదేదో వేషమే అనుకుంది. తర్వాత ఆయన చెప్పు ఊడి దూరంగా పడి ఉండటం కనిపించింది. అప్పుడు ఆమె వేసిన కేకకు కూడా పిల్లలు తిరగలేదు. పేరు పేరునా పిలిచి, భుజాలు పట్టి కుదిపితే గానీ లేవలేదు. ఆ దృశ్యం ఆమె కళ్ళలోంచి పోలేదు. అన్నం కలుపుకుంటుంటే వస్తుంది, స్కూల్లో ప్రేయర్‌కు పిల్లలు వరసగా నిలబడితే వస్తుంది. ఏ పిల్లలైనా కదలకుండా ఉంటే చాలు, మొహం తిప్పేసుకుంటుంది.

జనాజాకు సంఘమంతా వచ్చింది. క్రికెట్ కోచ్ వెంకట సాయి, కామరాజు సారూ చెరో పక్క భుజం పట్టారు. ఆ తర్వాత సంఘంలో ఎవరూ అడక్కముందే ప్రసన్న చెయ్యెత్తింది, జట్టును నేను చూసుకుంటానని.

చూసుకోవడానికి సంఘం రూలు ఒకటి ఉంది. కోచ్ పోతే అతని జట్టును సంఘం మీట్ దాకా ఇంకో కోచ్ నిలబెట్టవచ్చు. ఏడాదికోసారి చలికాలంలో జరిగే ఆటల పోటీ ఆ మీట్. ఆ రోజు నిండు జట్టుతో గ్రౌండ్‌లో దిగాలి, బోర్డు మీద పాత పేరు తుడిపించి తన పేరు రాయించుకోవాలి. ఏ ఒక్కటి కాకపోయినా జట్టు రద్దు, గంట ఇంకొకరికి పోతుంది.

ప్రసన్నకు జట్టు కావాలి. ఆ పేరు తుడిపించడం మాత్రం చేతకాదు. ఎలా తుడిపిస్తుంది? తనకంటూ ఉన్నదంతా ఆయన ఇచ్చిందేనాయె.

ఇది చాలదన్నట్టు వానలు మొదలయ్యేసరికి ఇంకొకటి మొదలైంది.

ఓ సాయంత్రం ప్రాక్టీసులో ఆమ్నా ఉన్నట్టుండి గడిలోంచి లేచి పరుగు తీసింది. వెనక ఎవరూ లేరు. తరిమే పిల్ల అవతల స్తంభం దగ్గరుంది. ప్రసన్న విజిల్ వేసింది.

“ఏందే ఆమ్నా! ఖో ఎవరిచ్చిన్రు నీకు?”

“ఇచ్చిన్రు మేడమ్.”

“ఎవరు?”

ఆమ్నా చెయ్యి వెనక్కి మడిచి భుజాల మధ్య తడుముకుంది. తర్వాత తలవంచుకుని వచ్చి మళ్ళీ తన గడిలో కూచుంది. మర్నాడూ అంతే. ఆ పై వారం ఫ్యాక్టరీలో పనిచేసే పుష్పమ్మ కూతురు లేచింది. ఏమైందని అడిగితే, గుడ్డ తాకినట్టు అయిందని ఏడుపు మొహం పెట్టింది. ఆ తర్వాత ఇంకొకతె. అందరూ చెప్పేది ఒకటే మాట: గుడ్డ కొస తాకింది, మెల్లగా పిలుపు వినపడింది. ఆ చల్లటి మెల్లటి ‘ఖో’ ప్రసన్నకు తెలియదా!

అయితే ఒక విషయం ఆమె కనిపెట్టింది. కోచ్ కన్ను కదా, భయంలో కూడా ఆట చూస్తూనే ఉంటుంది. పిల్ల తప్పుగా లేచిన ప్రతిసారీ, నిజానికి ఆ క్షణంలో ఆ పిల్లకే ఖో పడాలి. తరిమే పిల్ల గమనించక ముందుకు పోయేది. ఖో ఇచ్చి ఉంటే ఎదుటిపిల్ల చిక్కేది. అంటే ఆ పిలుపు ఎవరిదైనా కానీ, ఆట బాగా తెలిసినవాళ్ళది. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? చెప్తే మేడమ్‌కు కూడా పట్టుకుంది అంటారు.

ఊరు ఊరుకుంటుందా? గ్రౌండ్ కింద పూర్వం సమాధులున్నాయని ఒకరు, సారు ఆశ తీరక తిరుగుతున్నాడని ఒకరు. పుష్పమ్మ ఫ్యాక్టరీ డ్యూటీ దిగి నేరుగా గ్రౌండ్‌కు వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

“మేడమ్, మీరు ఏమన్న అనుకోండ్రి, నా పిల్లను పంప. సారు దేవుడసొంటోడు, కాదన. కానీ పోయినోళ్ళు పిలిస్తే లేసి ఉరుకుడేంది? రేపు ఎంత దూరం ఉరుకుతదో నాకేం ఎరుక?”

“జెర ఆగు అక్కా, మీట్ దాకన్న ఉండనియ్యి. గీ పిల్ల పోతే నాకు తొమ్మిది మంది కారు,” అని ప్రసన్న బతిమాలింది.

“మీట్ పొద్దుగాల తోలుకొస్త, నా కండ్ల ముంగట ఆడుతది. నడుమ మాత్రం పంప,” అని పుష్పమ్మ వెళ్ళిపోయింది. అంతవరకైనా ఒప్పుకుంది, అదే పదివేలు.

మీట్ దగ్గరపడ్డాక సంఘం కూచుంది. టీ కప్పులు చేతులు మారాయి. వెంకట సాయి మొహమాటపడుతూనే మొదలుపెట్టాడు.

“మేడమ్, యూనుస్ సార్ అంటే నాకూ ప్రాణమే. కానీ అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల నుంచి పిల్లలు క్యూ కట్టిన్రు. మీ పిల్లలేమో ఖో లేకుంటనే లేస్తున్నరు. గిట్లయితే గ్రౌండ్‌కే పేరు చెడిపోతది. ఆ గంట నాకియ్యుండ్రి, నేను మంచిగ వాడుకుంట.”

ప్రసన్నకు చిర్రెత్తుకొచ్చింది. “సారు చచ్చిపోయి ఏడాది కూడా కాలే. అప్పుడే గంట గావల్నా?”

“అమ్మా ప్రసన్నా, కూర్చో,” అన్నాడు కామరాజు సారు. “సాయి అడగటంలో తప్పులేదు. మీట్ రోజున నిండు జట్టుతో దిగుతావు, బోర్డు మీద నీ పేరు రాయించుకుంటావు. అప్పుడు ఆ గంట నీది. ఎవడూ అడగడు.”

“పేరు మార్చకుండా ఉండనివ్వండి సార్,” అంది ప్రసన్న. కామరాజు సారుతో మాత్రం ఆమె ఇంటి భాషే మాట్లాడుతుంది. “నేను నేర్పుతాను. పేరు ఆయనదే ఉంటుంది. ఎవరికేం నష్టం చెప్పండి?”

కామరాజు సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ రూలు పెట్టించింది ఎవరనుకున్నావ్? నేను కాదు. యూనుసే. ఓ రన్నింగ్ కోచ్ పోతే ఆయన పేరు అలాగే వదిలేశాం, నీలాగే మనసొప్పక. పిల్లలు దిక్కులేక చెదిరిపోయారు. అప్పుడు ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని అన్నాడు, చచ్చినోని పేరు మీద పిల్లలు ఆడొద్దు కామరాజ్ సాబ్, బతికున్నోళ్ళ పేరు మీద ఆడాలె, అని.”

ప్రసన్న టీ కప్పు కుర్చీ కింద పెట్టి లేచింది. మెట్లు దిగి స్కూటీ దగ్గర చాలాసేపు నిలబడింది. సాయంత్రం గాలికి ఫ్యాక్టరీ వాసన ఘాటుగా వస్తోంది. ముక్కు మూసుకోవడం కూడా మరిచిపోయింది.

మీట్‌కు ముందురోజు మధ్యాహ్నం ఆమె యూనుస్ సారు ఇంటికి పోయింది. ఆయన భార్య ఆలంబీ బియ్యం చెరుగుతోంది. ఆమ్నా బడికి పోయింది. గోడకు మేకు మీద నీలంగీతల తువ్వాలు వేలాడుతోంది, ఉతికి, మడత పెట్టి.

“చాచీ, ఆమ్నాను రేపు ఆడియ్యాల్నా వద్దా? మీరు వద్దంటే జట్టే తీసేస్త,” అంది ప్రసన్న. నిజంగానే తెగించి వచ్చింది ఆ రోజు.

ఆలంబీ చాట పక్కన పెట్టింది. “ఇంట్ల గూడ గట్లనే కూసుంటది బేటా. అన్నం తినుకుంట తినుకుంట ఆగి వింటది. నేను అడిగిన, నాయన యాదికొస్తుండా అని. ఏం జెప్పిందో తెలుసా? ‘అబ్బా నాకు ఖో ఇయ్యకుంటనే పోయిండు అమ్మీ, అది ఇంకా నా ఈపు మీదనే ఉన్నది,’ అన్నది.” ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఆయన సేతిల పని ఎప్పుడన్న సగంల ఇడిసిండా? ఆ ఒక్కటి మిగిలిపోయింది. పిల్ల దానికోసం కూసున్నది. ఆయన గూడ దానికోసమే నిలబడ్డడేమో, నాకేం ఎరుక.”

“నేనేం జెయ్యాలె చాచీ?”

“నువ్వెందుకు ఆడికి పోవు?”

ప్రసన్న ఉలిక్కిపడింది.

“ఆమ్నా జెప్పింది. మేడమ్ మా ఎనకకు రాదు అమ్మీ, అందుకే ఎనక అబ్బా ఒక్కడే ఉంటడు, అన్నది.” ఆలంబీ లేచి మేకు మీది తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. “పరేషాన్ గాకు. నాకు సుత భయమైతది ఆ జాగ అంటే. కానీ ఎవరో ఒకరు నిలబడాలె గదా బేటా!”

మీట్ రోజు పొద్దున్నే గ్రౌండ్ నిండిపోయింది. మైకు, షామియానా, టేబుల్ మీద కప్పులు, కొత్త ట్రాక్‌సూట్లలో కోచ్‌లు. బోర్డు దగ్గర పెయింటర్ అంజన్న రంగుడబ్బాలు విప్పుకుని కూచున్నాడు. ఆ బోర్డు మీద అతని పని ఏడాదికి ఈ ఒక్కరోజే. పుష్పమ్మ మాట తప్పలేదు, కూతుర్ని తెచ్చి గీత అవతల కళ్ళల్లో వత్తులు వేసుకుని నిలబడింది. తొమ్మిది మందీ వచ్చారు. ఎదుటి జట్టు గుమ్మడిదల పిల్లలు, గాలిలా పరుగెత్తుతారు.

మొదటి వంతు గుమ్మడిదలవాళ్ళే తరిమారు, బాగానే తరిమారు. తర్వాత మన పిల్లలు తరమాలి. కూచున్నారు. ఆట మొదలైన కాసేపటికే ఆమ్నా లేచింది. విజిల్. మళ్ళీ కూచుంది, మళ్ళీ లేచింది. విజిల్. ఆమ్నాను చూసి పుష్పమ్మ కూతురు లేచింది. చుట్టూ చూసేవాళ్ళలో గుసగుసలు. ఎవరో నవ్వారు. వెంకట సాయి తలదించుకున్నాడు. పుష్పమ్మ అప్పటికే కూతురి పేరు పిలుస్తూ గీత దాటబోతోంది. ఒక్క పిల్ల బయటికి పోయినా జట్టు నిండుగా ఉండదు, అక్కడితో అంతా అయిపోయినట్టే.

ప్రసన్న టేబుల్ దగ్గరకు ఉరికింది. “సార్, ఒక్క రెండు నిమిషాలు ఆపండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“వంతు మధ్యలో ఆపటం రూల్లో లేదమ్మా,” అన్నాడు కామరాజు సారు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చేతిలో తువ్వాలునూ చూశాడు. తర్వాత మైకు లాక్కుని గొంతు సవరించుకున్నాడు. “మంచినీళ్ళ కోసం ఆటకు విరామం. ఎండ ఎక్కువగా ఉంది.” చలికాలం పొద్దున ఎండెక్కడిది! ఒక్కరూ నోరెత్తలేదు.

గుమ్మడిదల పిల్లలు నీళ్ళకు పోయారు. మన పిల్లలు మాత్రం లేవలేదు. గళ్ళలోనే ఒక్కొక్కరూ ఫ్యాక్టరీ గోడ వైపు తిరిగి బిగుసుకుని, గడ్డాలు పైకెత్తి కూచున్నారు, ఆ రోజు కూచున్నట్టే. ప్రసన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నడిచింది. స్తంభం దాటింది. వరస వెనక్కి వచ్చింది. ఒక్కొక్క పిల్ల వెనకనుంచీ నడుస్తూ ఆమ్నా వెనక, ఆయన నిలబడిన చోటికి వచ్చి ఆగింది. ఆ చోట ఇంకెవరో కూడా నిలబడి ఉన్నారని ఆమె ఒళ్ళంతా చెప్తోంది. భుజం పక్కన ఊపిరి తగిలినట్టు ఉంది. పారిపోవాలనిపించింది. పోలేదు.

“అందరు ఎనకకు తిరుగుండ్రి,” అంది.

ఎవరూ కదల్లేదు.

“ఫౌల్ గదా మేడమ్,” అంది ఆమ్నా, మొహం ముందుకే పెట్టి.

“ఆడేటప్పుడు ఫౌల్. ఇప్పుడు ఆడుతలేం. తిరుగుండ్రి బిడ్డా. సూడుండ్రి.”

ఒక్కొక్కరే తిరిగారు. అందరి చివర ఆమ్నా తిరిగింది. ఆ రోజు చూడని చోటును ఇప్పుడు చూసింది. అక్కడ ఏముంది? సున్నం గీత, నలిగిన గడ్డి, ప్రసన్న మేడమ్ కాళ్ళు. పుష్పమ్మ కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమ్నా కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

“నేను అప్పుడు తిరిగితే అబ్బా బతికేటోడా మేడమ్?”

ఇన్ని నెలలూ ఆ పిల్ల మోసింది ఈ మాట. ప్రసన్న అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు.

“తెల్వదు బేటా. పడంగనే పోయిండని డాక్టర్ అన్నడు. నాకైతే తెల్వదు. తిరగొద్దని ఆయననే చెప్పిండు, నువ్వు ఆయన మాట విన్నవు. నీ అసొంటి పిల్లను కన్నందుకు ఆయన పడేటప్పుడు గూడ సంబరపడే ఉంటడు. గంతే నాకు తెలిసింది.”

అప్పుడు ఆమ్నా ఏడ్చింది. గడిలో కూచునే, మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని, తండ్రి పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. పుష్పమ్మ గీత దగ్గరే ఆగిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇగ ముందలికి తిరుగు,” అంది ప్రసన్న కాసేపాగి. “సారు ఇయ్యాల్సింది ఒకటి నీకు బాకీ ఉన్నది.”

ఆమ్నా ముందుకు తిరిగింది. ముక్కు తుడుచుకుంది, చేతులు నేలకు ఆనించింది. ప్రసన్న తువ్వాలును చుట్టచుట్టింది, తనకు ఆయన నేర్పినట్టే. దాని కొసను ఆ పిల్ల భుజాల మధ్య తాకించీ తాకించనట్టు తాకించి, మెల్లగా అంది.

“ఖో.”

ఆమ్నా లేచింది. ఎవరూ విజిల్ వెయ్యలేదు. ఖాళీ గ్రౌండ్‌లో ఆ చివరి స్తంభం దాకా పరుగెత్తింది, అడ్డెవరూ లేకపోయినా ఎవర్నో తరుముతున్నట్టే పరుగెత్తింది. ఖో ఇచ్చినవాళ్ళు ఆ గడిలో కూచోవాలి. ఆట అది. అందుకని ప్రసన్న ట్రాక్‌సూట్ మోకాళ్ళు మడిచి ఆ గడిలో కూచుంది. ఎన్నేళ్ళైందో అలా కూచుని! తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. చేతులు నేలకు ఆనించింది. కళ్ళ ముందు ఫ్యాక్టరీ గోడ, దాని పైన పొగగొట్టం. తల కదపలేదు.

అప్పుడు తాకింది. భుజాల మధ్య, గుడ్డ కొస, తాకీ తాకనట్టు.

తువ్వాలు ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆమె లేచింది. లేవడమేమిటి, పరుగే. ఇటూ అటూ చూడకుండా నేరుగా బోర్డు దగ్గరకు పరుగెత్తింది. ఆ ఉరుకు చూసి పెయింటర్ అంజన్న కుంచె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“రాయి అంజన్నా. లక్ష్మీప్రసన్న జట్టు.”

“మరి సార్ పేరు మేడమ్? తుడిసెయ్యాల్నా?”

“తుడువు,” అంది. ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు.

కామరాజు సారు టేబుల్ వదిలి దగ్గరకు వచ్చాడు. ఆమెను తేలికపరచాలని కాబోలు, తన ధోరణిలోకి దిగాడు. “అంతా బానే ఉంది గానీ అమ్మా, గడిలోంచి అలా లేచి వచ్చేశావేంటి? నీ వెనకాల ఎవరూ లేరు, నేను చూస్తూనే ఉన్నా. ఖో లేకుండా లేచావు. ఫౌల్ అది.”

“ఫౌల్ కాదు సార్,” అంది ప్రసన్న. “ఇచ్చారు.”

కామరాజు సారు ఆమె భుజం మీదుగా ఆ గడి వైపు చూశాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. ఏం కనిపించిందని ఆమె అడగలేదు, వెనక్కి తిరగనూ లేదు.